బొగ్గుబాయి పాట, కెమెరా కన్ను: గోదావరిఖని ప్రాంతంలో వీడియోపాట రీతులు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంలో పాట గత ఐదు దశాబ్దాల్లో వేదిక నుంచి క్యాసెట్‌కు, క్యాసెట్ నుంచి టీవీకి, టీవీ నుంచి సెల్‌ఫోన్ తెరకు చేరింది. ఈ క్రమంలో రూపొందిన వీడియోపాట రీతులను రామగుండం, గోదావరిఖని పరిసరాలను కేంద్రంగా చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక్కొక్క రీతి గనిని, గని కార్మికుణ్ణి ఎక్కడ నిలబెడుతున్నదన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. రీతులు మారడానికి సాంకేతికతతో పాటు గని పని స్వరూపం మారడం కూడా కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియోపాట, సింగరేణి, గోదావరిఖని, జననాట్యమండలి, ధూంధాం, బతుకమ్మ పాట, ఓపెన్‌కాస్ట్.

1. ఉపోద్ఘాతం

తెలుగు పాటను గురించిన పరిశోధన ఎక్కువగా సాహిత్యాన్ని ఆధారం చేసుకొని సాగింది. పల్లవి, చరణం, ఛందస్సు, మాండలికం, వస్తువు అనే అంశాలపై విలువైన కృషి జరిగింది. నేడు పాట శ్రోతను చేరే తీరు మారింది. పాటను వినేవారికంటే చూసేవారే ఎక్కువయ్యారు. పాట పుట్టిన చోటు, పాడే మనిషి, వంత పలికే బృందం అన్నీ తెరమీద కనిపించే వస్తువులయ్యాయి. కాబట్టి పాటలోని మాటలతో పాటు, ఆ మాటల వెనుక ఏ దృశ్యాన్ని నిలిపారన్నది కూడా సాహిత్య విద్యార్థి పట్టించుకోవలసిన విషయమే.

ఈ పరిశీలనకు గోదావరిఖని తగిన క్షేత్రం. పారిశ్రామిక శ్రమ, పల్లె జానపదం, కార్మికోద్యమం, తెలంగాణ ఉద్యమం ఒకే చోట కలిసిన పట్టణమిది. ఆ నాలుగింటికీ పాట ఉంది. ఆ పాట కెమెరా ముందుకు వచ్చినప్పుడు ఏది మిగిలింది, ఏది జారిపోయింది అన్నది ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

2. వీడియోపాట: నిర్వచనం, ప్రధాన రీతులు

ఒక పాటను ప్రచారం చేయడానికి గానీ, స్వతంత్రంగా చూపడానికి గానీ ఆ పాట నిడివికి సరిపడేలా కూర్చిన దృశ్యరూపాన్ని ఈ వ్యాసంలో ‘వీడియోపాట’ అని వ్యవహరించడమైంది. ఈ ప్రక్రియ టీవీకంటే పాతది. 1940లలో అమెరికాలో నాణెం వేసి చూసే ‘సౌండీలు’, 1960లలో ఫ్రాన్సులో ‘స్కోపిటోన్’ యంత్రాలు దీనికి తొలి రూపాలు. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ ప్రసారాలు మొదలయ్యాక ఇది ఒక పరిశ్రమగా స్థిరపడింది. తెలుగు ప్రేక్షకులకు ఈ అనుభవం మొదట సినిమా పాట ద్వారానే కలిగింది. దూరదర్శన్‌లో ‘చిత్రహార్’, ‘చిత్రలహరి’ కార్యక్రమాలు సినిమా నుంచి పాటను విడదీసి చూసే అలవాటు చేశాయి. 2000లో స్మిత ‘హాయ్ రబ్బా’ వంటి ఆల్బమ్‌తో సినిమాకు వెలుపలి తెలుగు పాటకూ తెర దొరికింది.

వీడియోపాటలను స్థూలంగా నాలుగు రీతులుగా విభజించవచ్చు. గాయకుడు లేదా బృందం పాడుతుండగా చూపేది ప్రదర్శన రీతి. పాటలో చిన్న కథను నడిపేది కథన రీతి. కథ లేకుండా రంగులు, స్థలాలు, శరీర కదలికలతో ఒక భావాన్ని కల్పించేది భావచిత్ర రీతి. నిశ్చల చిత్రాలపై పాట అక్షరాలు కదిలేది అక్షర రీతి. దీన్నే సినిమా కంపెనీలు లిరికల్ వీడియో అంటున్నాయి. ఆచరణలో ఇవి కలిసిపోతుంటాయి. అయినా ఏది ప్రధానమన్నది గుర్తిస్తే ఆ పాట ఎవరిని కేంద్రంలో నిలిపిందో తెలుస్తుంది.

3. గని, పని, పాట

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు లభించాయి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. దక్షిణాన కొత్తగూడెం, ఇల్లెందు నుంచి ఉత్తరాన బెల్లంపల్లి, మందమర్రి వరకు విస్తరించిన ఈ గనుల వరుసలో రామగుండం కొంత ఆలస్యంగా చేరింది. 1960 ప్రాంతంలో ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాక గోదావరి ఒడ్డున గోదావరిఖని పట్టణం పెరిగింది. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన రైతుకూలీలు, చేతివృత్తులవారు ‘బాయిపని’లో కుదిరారు. ‘బావి’ అన్న మాట ఇక్కడ గనికి పర్యాయపదమైంది. నీటికోసం తవ్వే బావి మాటనే బొగ్గుకోసం తవ్వే గనికి పెట్టుకోవడంలో పల్లె మనిషి కొత్త పనిని తన భాషలోకి తెచ్చుకున్న తీరు కనిపిస్తుంది.

పాట విషయంలోనూ అదే జరిగింది. నాట్లపాట, బతుకమ్మపాట, ఒగ్గుకథ బాణీలు కార్మికులతో పాటు క్వార్టర్లకు వచ్చాయి. మూడు షిఫ్టుల జీవితం, సైరన్ మోత, గని ప్రమాదం, జీతం రోజు, వడ్డీ వ్యాపారి, సారా దుకాణం ఆ బాణీలకు కొత్త వస్తువులయ్యాయి. అల్లం రాజయ్య వంటి రచయితలు కథలో చేసిన పనిని పాట తన దారిలో చేసింది.

4. వేదిక, క్యాసెట్: కెమెరా లేని దృశ్యం

1972లో ఏర్పడిన జననాట్యమండలి ఈ ప్రాంతపు పాటకు ఒక ప్రదర్శన వ్యాకరణాన్ని ఇచ్చింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు, పక్కన డప్పు. ఒక గొంతు ఎత్తుకుంటే బృందం వంత పలుకుతుంది. గద్దర్ ఈ రూపానికి ప్రతీక అయ్యాడు. ఇందులో దృశ్యం లేదనలేము. గాయకుడు తన శరీరంతోనే గనిని, గుడిసెను, పోలీసు క్యాంపును చూపేవాడు. వంత పలికే బృందానికీ, ఎదురుగా కూర్చున్న జనానికీ మధ్య గీత పలచనిది. రెండో చరణానికల్లా జనమే వంత అందుకునేవారు.

1985 తర్వాత బహిరంగ ప్రదర్శనలు సాగని కాలంలో, తిరిగి 1990 ఫిబ్రవరిలో గద్దర్ హైదరాబాదులో ప్రజల ముందుకు వచ్చిన తర్వాత, ఈ పాటను మోసింది ఆడియో క్యాసెట్. ఉత్తర భారతాన్ని అధ్యయనం చేసి పీటర్ మాన్యుయెల్ 1993లో ప్రచురించిన ‘క్యాసెట్ కల్చర్’ గ్రంథం, చవకైన ఈ సాధనం పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని సడలించి ప్రాంతీయ గొంతులకు చోటిచ్చిందని వివరించింది. తెలంగాణ ఉద్యమ పాటకూ ఈ మాట వర్తిస్తుంది. క్యాసెట్‌లో దృశ్యం లేదు. ఆ లోటే దాని బలం కూడా. వినేవాడు తాను చూసిన బావినే, తాను దిగిన సొరంగాన్నే ఆ పాటకు దృశ్యంగా అమర్చుకునేవాడు.

5. తెరమీద గాయకుడు: ప్రదర్శన రీతి

ఉద్యమ పాటకు దృశ్యరూపం ఎలా ఉండవచ్చో చూపిన తొలి ఉదాహరణల్లో ‘మాభూమి’ ఒకటి. బి. నర్సింగరావు నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన ఈ చిత్రంలో బండి యాదగిరి పాటను గద్దర్ స్వయంగా తెరమీద కనిపించి పాడాడు. నటుడి పెదవులకు నేపథ్యగాయకుడి గొంతు అతికే సినిమా సంప్రదాయానికి ఇది భిన్నం. గొంతు ఎవరిదో దేహమూ వారిదే. తెరమీది మనిషి పాత్రగా కాక, పాటకు సాక్షిగా నిలబడతాడు.

తర్వాతి కాలపు తెలంగాణ వీడియోపాటలకు ఈ రీతి ఒక మూలరూపమైంది. 2002లో మొదలైన ‘ధూంధాం’ వేదికలపై రసమయి బాలకిషన్ తదితర కళాకారులు ఆటను, పాటను, మాటను కలిపి గంటల కొద్దీ నడిపారు. వాటి సీడీలు ఊరూరా తిరిగాయి. వేదిక ముందు నిలిపిన ఒకటి రెండు కెమెరాలతో తీసిన ఆ దృశ్యాల్లో సాంకేతిక మెరుగు తక్కువే. కాని కెమెరా మధ్యమధ్యలో జనం వైపు తిరిగేది. పాటకు జనమే ప్రమాణమన్న స్పృహ ఆ తిరగడంలో ఉంది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పనులు ఆపి పాల్గొన్నప్పుడు ఈ పాటే గనుల గేట్ల దగ్గరికి చేరింది. పాట వీడియోకు కార్మికుడు నేపథ్యం కాక కర్తగా ఉన్న ఘట్టమిది.

6. టీవీ, బతుకమ్మ: వేడుక రీతి

రాష్ట్రోద్యమం చివరి దశలో వార్తా చానళ్ళు పాటకు ప్రధాన వేదికలయ్యాయి. 2012లో మొదలైన వీ6 న్యూస్ ఏటా బతుకమ్మ పండుగకు కొత్త పాటను చిత్రీకరించి ప్రసారం చేయడం ఒక ఆనవాయితీ అయింది. చెరువుగట్టు, గుడి ప్రాంగణం, పట్టుచీరలు, తంగేడు, గునుగు, పైనుంచి తీసిన వలయాకార నృత్యం ఈ పాటల దృశ్యభాష. ఇది ప్రదర్శన రీతికీ భావచిత్ర రీతికీ నడుమ నిలుస్తుంది. 2021లో తెలంగాణ జాగృతి కోసం ఎ.ఆర్. రెహమాన్ సంగీతంతో, మిట్టపల్లి సురేందర్ సాహిత్యంతో, గౌతమ్ మేనన్ దర్శకత్వంలో వచ్చిన ‘అల్లిపూల వెన్నెల’లో ఈ ధోరణి సినిమా స్థాయి నిర్మాణ విలువలకు చేరుకున్నది.

ఈ పాటలు తెలంగాణ స్త్రీల పండుగకు ప్రపంచవ్యాప్త గుర్తింపు తెచ్చాయి. ఐతే ఇందులో కనిపించే తెలంగాణ ఎప్పుడూ పచ్చని పల్లె. గోదావరిఖనిలో బతుకమ్మను క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో, కాలనీ మైదానంలో పేరుస్తారు. మొదటి షిఫ్టు దిగి వచ్చిన భర్తకు అన్నంపెట్టి, రాత్రి షిఫ్టుకు పోయే కొడుక్కు టిఫిన్ సర్ది ఆటకు వచ్చే స్త్రీ ఈ వేడుక రీతిలో చోటు సంపాదించుకోలేదు. పండుగ ఆమెదే, పాట బాణీ ఆమెదే, దృశ్యం మాత్రం వేరొకచోటిది.

7. యూట్యూబ్ జానపదం: కథన రీతి

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక మొబైల్ డేటా చవకయింది. తెలంగాణ జానపద వీడియోపాటల వెల్లువకు ఇది భౌతిక పునాది. డిజిటల్ కెమెరా, ఒక డ్రోన్, చిన్న రికార్డింగ్ గది ఉంటే పాట తయారవుతుంది. ఈ పాటల నిర్మాణం దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. నాయకుడు, నాయిక, వారి మధ్య అలక లేదా ఎడబాటు, పక్కన నలుగురైదుగురు నృత్యకారులు, పెంకుటిల్లు, పొలంగట్టు, వాగు. మేనబావ, మరదలు సంబోధనలతో సంవాదంగా సాగే సాహిత్యం. ఇది ప్రధానంగా కథన రీతి.

పారిశ్రామిక పట్టణాల యువకులకు ఈ రీతి ఒక అవకాశమైంది. రచన, సంగీతం, నృత్యం, ఎడిటింగ్ తెలిసినవారు హైదరాబాదు పోకుండానే తమ పని ప్రపంచానికి చూపగలిగారు. బొగ్గుగని ఉద్యోగం వారసత్వంగా దొరుకుతుందన్న భరోసా తగ్గిన తరానికి ఇది చిన్న విషయం కాదు. అయితే గనుల పట్టణంలో ఉంటూ తీసే పాటలు కూడా ఈ అచ్చునే అనుసరించవలసి వస్తుంది. ప్రేక్షకుడు ‘జానపదం’ అనగానే పొలాన్ని ఆశిస్తాడు. అందువల్ల కెమెరా పట్టణం దాటి గోదావరి ఒడ్డుకో, దగ్గరి పల్లెకో పోతుంది. తాత వదిలి వచ్చిన పల్లెను మనుమడు చిత్రీకరిస్తాడు. తండ్రి పనిచేసిన గని చిత్రంలోకి రాదు.

8. బరాత్ నుంచి నిలువు తెర దాకా

2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాట కథ ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించదగింది. లక్ష్మణ్ రచనకు ఎస్.కె. బాజి సంగీతం సమకూర్చిన ఈ పాట ఆ ఏడాది ఏప్రిల్‌లో విడుదలైంది. అదే ఏడు ఆగస్టులో గోదావరికి ఆవలి గట్టున ఉన్న మంచిర్యాల ప్రాంతంలో ఒక పెళ్ళి బరాత్‌లో నవవధువు ఆ పాటకు చేసిన నృత్యం సెల్‌ఫోన్‌లో చిత్రితమై తెలుగు నేలంతా వ్యాపించింది. అసలు పాటను వినని వారు కూడా ఈ రెండో దృశ్యం ద్వారా పాటను ఎరిగారు.

ఇక్కడ వీడియోపాట చరిత్రలో ఒక మలుపు కనిపిస్తుంది. దర్శకుడు, నిర్మాత ఖరారు చేసిన దృశ్యం మీద ప్రేక్షకుల సొంత దృశ్యం వచ్చి కూర్చుంది. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధానికి గురైన కొద్ది రోజులకే వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఈ అలవాటును స్థిరపరచింది. పాటలోని పల్లవి లేదా ఒక చరణం మాత్రమే, సెల్‌ఫోన్ ఆకారానికి తగిన నిలువు చట్రంలో ఇమిడి తిరుగుతుంది. క్యాసెట్ వినే శ్రోత తన మనసులో దృశ్యాన్ని అమర్చుకున్నట్టే, ఈనాటి ప్రేక్షకురాలు తన దేహంతో దృశ్యాన్ని అమర్చుతున్నది. వంత తిరిగి జనం చేతికి వచ్చిందనడానికి ఇదొక ఆధారం. అయితే అప్పటి వంత అందరూ కలిసి పలికింది. ఇప్పటిది ఎవరికి వారు విడిగా పలుకుతున్నది.

9. సినిమాలో బొగ్గు: భావచిత్ర రీతి

2023 మార్చి 30న విడుదలైన ‘దసరా’ చిత్రం బొగ్గుగనుల ప్రాంతాన్ని ప్రధాన స్రవంతి సినిమా కేంద్రంలోకి తెచ్చింది. శ్రీకాంత్ ఓదెల దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి సంతోష్ నారాయణన్ సంగీతం. దీని తొలి పాట ‘ధూంధాం దోస్తాన్’ 2022 దసరా పండుగ సమయంలో వచ్చింది. కాసర్ల శ్యామ్ రాసిన ఈ పాటను రాహుల్ సిప్లిగంజ్‌తో పాటు పాలమూరు జంగిరెడ్డి, గొట్టె కనకవ్వ వంటి జానపద గళాలు పాడాయి. నల్లటి బొగ్గు నేల, దుమ్ము, పెద్ద నృత్య సమూహం, లుంగీ కట్టిన నాయకుడు. ఇందులో కథ కంటే రంగు, లయ, సమూహ చలనం ప్రధానం. ఇది భావచిత్ర రీతికి చక్కని ఉదాహరణ.

ఈ పాట సాధించినదాన్ని తక్కువ చేయడానికి లేదు. తెలంగాణ యాసను, డప్పు దరువును, పల్లె గొంతులను వాటి మొరటుదనంతోనే దేశవ్యాప్త ప్రేక్షకుల ముందుకు తెచ్చింది. అయినా ఒక మాట ప్రయాణాన్ని గమనించాలి. ‘ధూంధాం’ 2002 తర్వాత ఒక ఉద్యమ కళారూపానికి పేరు. ఈ పాటలో అది దోస్తుల మందు విందుకు విశేషణం. మందు చుట్టూ అల్లుకున్న వివక్షను, విషాదాన్ని చిత్రకథ చూపుతుంది. కాని కథ నుంచి విడివడి తిరిగే పాట ఆ విషాదాన్ని వెంట తీసుకుపోదు. విందు మాత్రమే మిగులుతుంది. బొగ్గు ఇక్కడ పని వస్తువు కాదు, రంగు. 2018లో వచ్చిన ‘కేజీఎఫ్’ చిత్రం కూడా 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల మట్టిదిబ్బలను ఇలాగే దృశ్యవైభవంగా మలచుకుంది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా శ్రమించిన ఆ గనులకు సినిమాలో మిగిలింది దుమ్మురంగే.

10. కెమెరా దిగని చోటు

పై రీతులన్నిటిలో ఒక సామాన్యాంశం ఉంది. భూగర్భ గని లోపలి పని ఏ ఒక్క రీతికీ ప్రధాన దృశ్యం కాలేదు. దీనికి మొదటి కారణం భద్రత. బొగ్గుపొరల్లో మీథేన్ వంటి మండే వాయువులు ఉంటాయి కాబట్టి అగ్గిపెట్టెలు, లైటర్లు, భద్రతా ధ్రువీకరణ లేని విద్యుత్ పరికరాలు లోపలికి తీసుకుపోవడాన్ని గనుల భద్రతా నియమాలు నిషేధిస్తాయి. సెల్‌ఫోన్ గని ముఖద్వారం దగ్గరే ఆగిపోతుంది. క్యాప్‌ల్యాంప్ వెలుగులో జరిగే పని సాధారణ కెమెరాకు అందదు.

రెండో కారణం పని స్వరూపంలోని మార్పు. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇటీవల ఆ సంఖ్య నలభై వేల స్థాయికి తగ్గింది. ఉత్పత్తి మాత్రం అప్పటికి మూడు రెట్లు మించి, 2023–24లో సుమారు 7 కోట్ల టన్నులకు చేరింది. ఇందులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనులదే. భూగర్భ గని వేల గొంతులను ఒకచోట చేర్చింది. ఒకే దారిన దిగి, ఒకే ప్రమాదాన్ని పంచుకొని, ఒకే దారిన పైకి వచ్చే మనుషులకు వంతపాట సహజ రూపం. ఓపెన్‌కాస్ట్‌లో ఒక డంపర్‌కు ఒక మనిషి. అద్దాల క్యాబిన్‌లో అతడు ఒంటరి. కాని పైనుంచి చూస్తే ఓపెన్‌కాస్ట్ అద్భుత దృశ్యం. మెట్లు మెట్లుగా దిగే నల్లని లోయ, కొండలంత మట్టిగుట్టలు. గొంతుకు తగిన గని తగ్గుతూ, కన్నుకు తగిన గని పెరిగింది. ఉద్యమ పాట నుంచి భావచిత్ర వీడియోపాటకు జరిగిన పరిణామాన్ని ఈ వెలుగులో అర్థం చేసుకోవాలి.

కెమెరా లోపలికి దిగడం అసాధ్యమేమీ కాదు. 1976లో బార్బరా కాపుల్ తీసిన ‘హార్లన్ కౌంటీ, యూఎస్ఏ’ డాక్యుమెంటరీ గని లోపలి పనితోనే మొదలవుతుంది. కార్మికులు, వారి భార్యలు సమ్మెలో పాడిన పాటలను సహజ ధ్వనితోనే రికార్డు చేసింది. బ్రిటన్‌లో ఎ.ఎల్. లాయిడ్ 1952 నాటికే గని కార్మికుల పాటలను సేకరించి సంకలనంగా ప్రచురించాడు. అనుమతి, తగిన పరికరం, ఆ పని చేయాలన్న సంకల్పం ఉన్నచోట గని పాట తన దృశ్యంతో సహా నిలిచింది.

11. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ప్రదర్శన రీతి గాయకుణ్ణి, జనాన్ని ఒకే చట్రంలో చూపి కార్మికుణ్ణి కర్తగా నిలిపింది. వేడుక రీతి తెలంగాణకు గౌరవప్రదమైన రూపాన్నిచ్చినా, ఆ రూపాన్ని పల్లెకే పరిమితం చేసింది. కథన రీతి గనుల పట్టణపు యువతకు సృజనావకాశమిచ్చింది. గనిని మాత్రం వస్తువుగా స్వీకరించలేదు. భావచిత్ర రీతి బొగ్గును కళ్ళముందు నిలిపి, బొగ్గు తవ్వే చేతిని పక్కకు జరిపింది. నిలువు తెర వంతను తిరిగి సామాన్యుల చేతికి అందించి, వారిని విడివిడిగా ఉంచింది.

ఇందులో ఏ రీతినీ తోసిపుచ్చవలసిన అవసరం లేదు. ప్రతి తరమూ తనకు అందిన సాధనంతోనే పాడుతుంది. కాని క్యాసెట్ టేపు కాలం గడిచేకొద్దీ పాడవుతుంది. 1980లలో బాయిపని చేసి పదవీ విరమణ పొందినవారు నేడు వయోవృద్ధులు. గేట్ మీటింగుల్లో పాడిన పాట, షిఫ్టు దిగివస్తూ పాడుకున్న పాట వారి జ్ఞాపకంలో మాత్రమే ఉన్నవి అనేకం. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, సింగరేణి సంస్థ, కార్మిక సంఘాలు కలిసి ఆ పాటలను పాడినవారి గొంతుతో, పాడినవారి ముఖంతో, పాట పుట్టిన సందర్భ వివరణతో సహా చిత్రీకరించి భద్రపరచవలసి ఉంది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలంలో ఆ లోపలి జీవితానికి మిగిలే నమ్మకమైన సాక్ష్యం ఆ పాటలే. అవి పాడగలిగినవారు ఉండగానే ఈ పని పూర్తి కావాలి.